పుట్టే ఘడియను నిర్ణయించేది ఎవరు? గొర్రెపిల్ల చెప్పిన జవాబు, దాంతో బతికిన పసిబిడ్డలు

కడుపుతో ఉన్నవారికి డాక్టర్ ఒక తేదీ రాసిస్తారు. ఇంటిల్లిపాదీ ఆ తేదీ చుట్టూ సెలవులు, ప్రయాణాలు సర్దుకుంటారు. బిడ్డ సరిగ్గా ఆ రోజునే రావడం మాత్రం అరుదు. వారం అటూ ఇటూ అయితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏడెనిమిది వారాల ముందే నొప్పులు మొదలైతే మాత్రం ఆ ఇంట్లో అందరి గుండెల్లో రాయి పడుతుంది.

అలాంటప్పుడు ఆసుపత్రిలో తల్లికి ఓ ఇంజెక్షన్ ఇస్తారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం అని చెబుతారు. అది డెక్సామెథాసోన్ కావచ్చు, బీటామెథాసోన్ కావచ్చు. రెండూ స్టెరాయిడ్లే, రెండూ చవకైనవే. నెలలు నిండకుండా పుట్టే బిడ్డల ప్రాణాలు కాపాడటంలో ఇంత చిన్న మందు చేసినంత మేలు చేసినవి వైద్య చరిత్రలో కొన్నే ఉన్నాయి.

అయితే ఈ మందు ఊపిరితిత్తుల కోసం వెతికితే దొరికింది కాదు. గొర్రె ఎప్పుడు ఈనాలో ఎవరు నిర్ణయిస్తారు, తల్లా పిల్లా అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే అనుకోకుండా బయటపడింది. ఆ కథ తెలిస్తే ఈ ఇంజెక్షన్ ఎందుకు పనిచేస్తుందో అర్థమవుతుంది. కొన్నిసార్లు ఎందుకు ఎదురు తిరుగుతుందో కూడా అర్థమవుతుంది.

నెలలు నిండినా ఈనని గొర్రెలు

గొర్రె చూడి కాలం దాదాపు 147 రోజులు. కాపరులు దీన్నే ఐదు నెలలు అంటారు. 1950లలో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో కొన్ని మందల్లో వింత పిల్లలు పుట్టసాగాయి. నుదుటి కింద ఒకే కన్ను, వంకర తిరిగిన మొహం. అక్కడి కాపరులు వాటిని కోతి మొహం పిల్లలు అనేవారు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఆరా తీసి, కొండ మైదానాల్లో పెరిగే వెరాట్రమ్ అనే మొక్క ఇందుకు కారణమని తేల్చారు. చూడి మొదలైన 14వ రోజు ప్రాంతంలో తల్లి ఆ మొక్కను మేస్తే పిల్ల తల, మెదడు సరిగా ఏర్పడవు.

ఈ గొర్రెల్లో ఇంకో విడ్డూరం కనిపించింది. కొన్ని తల్లులు రోజులు నిండినా ఈనలేదు. కడుపులో పిల్ల పెరుగుతూనే పోయింది. అలాంటి పిల్లల్లో పిట్యూటరీ గ్రంథి లేదు, లేదా ఉండాల్సిన చోట లేదు. మెదడు అడుగున శనగ గింజంత ఉండే గ్రంథి ఇది. కాలిఫోర్నియాలో గర్న్‌సీ జాతి ఆవుల్లోనూ ఇదే కనిపించింది. అక్కడ కారణం మొక్క కాదు, వంశపారంపర్య లోపం. దూడలో పిట్యూటరీ ఎదగలేదు, ఆవు ఈనలేదు.

తల్లుల్లో ఏ లోపమూ లేదు. లోపం ఉన్నది పిల్లలో. అయినా ఆగిపోయింది తల్లి పురుడు. అంటే పురుడు మొదలుపెట్టే సంకేతం పిల్ల దగ్గర్నుంచి రావాలి కదా?

ఆక్లాండ్ డాక్టర్ వేసిన ప్రశ్న

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు ఉండేవారు. అందరూ మాంట్ అని పిలిచేవారు. నెలలు నిండకుండా పుట్టి చనిపోతున్న బిడ్డలు ఆయనను కలవరపెట్టారు. పురుడు ఎలా మొదలవుతుందో తెలిస్తే తొందరపడే పురుడును ఆపవచ్చని ఆయన అనుకున్నారు. ఆ ప్రశ్న ఆయనను గొర్రెల దగ్గరికి తీసుకెళ్లింది.

కాలిఫోర్నియాలో పశువైద్య పరిశోధకులు కెన్నెడీ, హోమ్‌లతో కలిసి ఆయన చేసిన ప్రయోగం 1967లో వెలువడింది. కడుపులో ఉన్న గొర్రెపిల్ల పిట్యూటరీని విద్యుత్తుతో కాల్చేశారు. గడువు దాటిపోయినా తల్లి ఈనలేదు. మరుసటి ఏడాది డ్రాస్ట్, హోమ్ అనే పరిశోధకులు పిల్ల అడ్రినల్ గ్రంథులు రెండింటినీ తీసేసి చూశారు. ఫలితం అదే.

తర్వాత లిగ్గిన్స్ ప్రయోగాన్ని తిరగేశారు. పిట్యూటరీ నుంచి వచ్చే ఏసీటీహెచ్ హార్మోన్‌ను గడువుకు చాలా ముందే పిల్ల రక్తంలోకి ఎక్కించారు. మరికొన్ని పిల్లలకు అడ్రినల్ గ్రంథి తయారుచేసే కార్టిసాల్‌నే నేరుగా ఎక్కించారు. కొద్ది రోజుల్లోనే తల్లులు ఈనేశాయి.

గ్రంథి తీసేస్తే పురుడు ఆగింది. ఆ గ్రంథి చేసే హార్మోన్ ఇస్తే పురుడు ముందే వచ్చింది. గొర్రెలో ముహూర్తం పెట్టేది కడుపులో పిల్లే అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మెదడు నుంచి మాయ దాకా

ఈ గొలుసు పిల్ల మెదడులోని హైపోథాలమస్ దగ్గర మొదలవుతుంది. అక్కడి ఒక చిన్న కణాల గుంపు సీఆర్‌హెచ్, వాసోప్రెసిన్ అనే రెండు హార్మోన్లు విడుదల చేస్తుంది. అవి పిట్యూటరీని తడతాయి. పిట్యూటరీ ఏసీటీహెచ్ వదులుతుంది. అది కిడ్నీల పైన కూర్చున్న అడ్రినల్ గ్రంథులను చేరుతుంది. అవి కార్టిసాల్ తయారుచేస్తాయి. హైపోథాలమస్‌లోని ఆ గుంపును నాశనం చేసినా గొర్రె ఈనదని 1991లో ప్రయోగాలు చూపించాయి.

ఈ ఏర్పాటంతా చివరి రోజుల్లో పుట్టుకొచ్చేది కాదు. చూడి తొలి సగంలోనే పిల్ల అడ్రినల్ కొంత కార్టిసాల్ చేయగలదు. కానీ సుమారు 90వ రోజు నుంచి 120వ రోజు వరకు అది నిద్రలోకి జారుకుంటుంది. ఆ కాలంలో ఏసీటీహెచ్ వచ్చి తట్టినా అంతంతమాత్రంగానే బదులిస్తుంది. ఈ నిద్ర అవసరమే. కార్టిసాల్ ఎదుగుదలను ఆపి, కణాలను పక్వానికి తెచ్చే హార్మోన్. పిల్ల ఇంకా పెరగాల్సిన రోజుల్లో అది ఎక్కువైతే నష్టం.

125, 130 రోజుల తర్వాత గ్రంథి మేలుకుంటుంది. ఏసీటీహెచ్‌ను అందుకునే గ్రాహకాలు దానిలో పెరుగుతాయి. కార్టిసాల్ తయారీకి కావలసిన ఎంజైములు పెరుగుతాయి. గ్రంథి బరువూ పెరుగుతుంది. పిట్యూటరీ పంపే సరుకు కూడా మారుతుంది. ఏసీటీహెచ్ మొదట ఒక పెద్ద ప్రొటీన్‌లో భాగంగా తయారై, ఆ తర్వాత ముక్కగా విడివడుతుంది. విడివడని పెద్ద రూపాలు ఎక్కువగా ఉన్నంతకాలం అసలు ఏసీటీహెచ్ పనికి అవి అడ్డుపడతాయి. నెలలు నిండేకొద్దీ ఏసీటీహెచ్ వాటా పెరుగుతుంది. అంటే అదే సంకేతం మరింత గట్టిగా వినిపిస్తుంది, వినే చెవి కూడా చురుకవుతుంది.

మామూలుగా ఈ వ్యవస్థ మన ఇంటి పైన నీళ్ల ట్యాంకు లాంటిది. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయేలా ఆటోమేటిక్ స్విచ్ ఉంటుంది. రక్తంలో కార్టిసాల్ పెరగగానే మెదడు, పిట్యూటరీ వెనక్కి తగ్గుతాయి. పురుటికి ముందు రెండు వారాల్లో ఈ స్విచ్ సరిగా పనిచేయదు. కార్టిసాల్ పెరుగుతున్నా ఏసీటీహెచ్ తగ్గదు, రెండూ కలిసి పైకి వెళ్తాయి. మాయలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ ఈ2 పిల్ల మెదడును, గ్రంథులను ఇంకా ఉసిగొల్పడం ఒక కారణం. రక్తంలో కార్టిసాల్‌ను పట్టి ఉంచే ఒక ప్రొటీన్ పెరగడంతో మెదడుకు అందే కార్టిసాల్ తక్కువగా కనిపిస్తుందన్నది మరో వివరణ.

ఇక చివరి మెట్టు మాయ. గర్భసంచిని కదలకుండా ఉంచేది ప్రొజెస్టిరాన్. పిల్ల నుంచి వచ్చిన కార్టిసాల్ గొర్రె మాయలో ఒక ఎంజైమును మేల్కొలుపుతుంది. దానితో ప్రొజెస్టిరాన్ తగ్గి, ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. ఆ వెనకే గర్భసంచిని బిగించే ప్రోస్టాగ్లాండిన్లు పెరుగుతాయి. నొప్పులు మొదలవుతాయి.

చచ్చిపోవాల్సిన పిల్ల ఊపిరి తీసింది

కార్టిసాల్‌తో ముందే పుట్టించిన పిల్లల్లో ఒకటి 117వ రోజున పుట్టింది. గడువుకు నెల రోజుల ముందు. ఆ వయసులో ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లదు. పుట్టిన వెంటనే చనిపోవాలి. కానీ ఆ పిల్ల ఊపిరి తీసింది. తర్వాత కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో కొంత భాగం గాలితో విచ్చుకుని ఉంది. 1969లో రాసిన వ్యాసంలో లిగ్గిన్స్ దీన్ని నమోదు చేశారు. ఆయన అడిగిన ప్రశ్నకు ఇది జవాబు కాదు, అంతకన్నా విలువైనది.

ఊపిరితిత్తుల్లో గాలి తిత్తుల లోపలి గోడలు తడిగా ఉంటాయి. తడిసిన పాలిథిన్ కవర్ లోపలి పొరలు అతుక్కుపోయినట్టు, ఊపిరి వదిలినప్పుడల్లా అవి మూసుకుపోవాలి. అలా కాకుండా సబ్బు నురగలాంటి పదార్థం ఒకటి ఆపుతుంది. దాని పేరు సర్ఫాక్టెంట్. నెలలు నిండని బిడ్డల ఊపిరితిత్తుల్లో ఇది చాలకపోవడమే వాళ్ల శ్వాస ఆగిపోవడానికి మూలమని మేరీ ఎలెన్ అవెరీ, జెరె మీడ్ 1959లో చూపించారు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు ప్యాట్రిక్ ఐదున్నర వారాల ముందు పుట్టి, ఇదే జబ్బుతో 39 గంటలకే చనిపోయాడు. ప్రపంచంలో అందుబాటులో ఉన్న వైద్యమంతా ఆ బిడ్డ చుట్టూ ఉన్నా కాపాడలేకపోయింది.

గొర్రెపిల్ల చూపిన దారి ఇది: పురుడుకు కబురు పంపే హార్మోనే పిల్లను బయటి గాలికి కూడా సిద్ధం చేస్తుంది. ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ పెంచుతుంది, వాటిలో నిండి ఉన్న నీరు ఇంకిపోయేలా చేస్తుంది. కాలేయంలో చక్కెర నిల్వలు కూడబెడుతుంది. పేగులను పాలు అరిగించుకోవడానికి సిద్ధం చేస్తుంది. తలుపు తట్టే చేయి, ప్రయాణానికి మూట కట్టే చేయి ఒకటే. అందుకే మామూలుగా సిద్ధం కాని పిల్ల బయటికి రాదు.

282 మంది తల్లులు

లిగ్గిన్స్, పిల్లల డాక్టర్ రాస్ హౌవీ కలిసి 1969 చివర్లో మనుషులపై పరీక్ష మొదలుపెట్టారు. ముందే నొప్పులు మొదలైన తల్లుల్లో కొందరికి బీటామెథాసోన్, మిగతావారికి చూడటానికి అలాగే ఉండే చాలా బలహీనమైన మందు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో డాక్టర్లకూ తెలియదు. 1972లో వచ్చిన తొలి ఫలితాల్లో తల్లులు 282 మంది. మందు అందిన వర్గంలో శ్వాస జబ్బు వచ్చిన బిడ్డలు 9 శాతం, అందనివారిలో 25.8 శాతం. పుట్టిన తొలి రోజుల్లోని మరణాలు 3.2 శాతం, అందనివారిలో 15 శాతం.

ఇంత స్పష్టంగా ఉన్నా ఈ మందు వాడకంలోకి రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు గట్టిగా సిఫారసు చేసింది 1994లో. ఈలోగా ఎందరో బిడ్డలు ఈ మందు అందకుండానే చనిపోయారు. వైద్య రుజువులను జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ లోగోలో కనిపించే అడ్డగీతలు ఈ మందు మీద జరిగిన పరీక్షల ఫలితాలే. రుజువు చేతిలో ఉన్నా వాడకపోతే ఏమవుతుందో గుర్తు చేయడానికి వాటిని అక్కడ పెట్టుకున్నారు.

గొర్రెకు, మనిషికి తేడా ఎక్కడ

ఇక్కడ ఓ సందేహం రావాలి. గొర్రెలో కార్టిసాల్ పురుడు తెప్పిస్తుంది కదా, మరి నొప్పులు ఆగాలని కోరుకునే తల్లికి అదే జాతి మందు ఎలా ఇస్తున్నారు?

నెలలు నిండబోతున్న చూడి గొర్రెకు డెక్సామెథాసోన్ ఇస్తే రెండు మూడు రోజుల్లో ఈనుతుంది. పశువైద్యులు అవసరమైనప్పుడు అందుకే వాడతారు కూడా. ఆడవారికి అదే మందు ఇస్తే పురుడు మొదలవదు. కారణం మాయలో ఉంది. గొర్రె మాయలో కార్టిసాల్ మేల్కొలిపే ఆ ఎంజైము మనిషి మాయలో లేదు. కాబట్టి ప్రొజెస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్ వైపు మళ్లించే దారి అక్కడ మూసి ఉంటుంది. మనిషిలో బిడ్డ అడ్రినల్ గ్రంథి వేరే ముడిసరుకు తయారుచేసి పంపితే మాయ దాన్ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. పురుటి ముందు తల్లి రక్తంలో ప్రొజెస్టిరాన్ గొర్రెలోలాగా పడిపోదు.

మెదడు ఎదగకుండా పుట్టే బిడ్డల విషయంలోనూ తేడా కనిపిస్తుంది. గొర్రెలోలాగా వాళ్లంతా గడువు దాటిపోరు. కొందరు చాలా ముందు, కొందరు చాలా ఆలస్యంగా పుడతారు. అంటే మనిషిలో బిడ్డ మెదడు గడియారాన్ని సరిచేస్తుందే తప్ప, గడియారం పూర్తిగా దాని చేతిలో లేదు. మాయ కూడా సీఆర్‌హెచ్ తయారుచేస్తుంది. ఆ హార్మోన్ పెరిగే తీరును బట్టి పురుడు ముందు వస్తుందా, ఆలస్యమవుతుందా అన్నది తెలుస్తుందని 1995లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మనిషి పురుటి వెనుక అసలు సూత్రం మీద శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ చర్చ సాగుతోంది.

ఒక రకంగా ఈ తేడా మన అదృష్టం. కార్టిసాల్ చేసే రెండు పనుల్లో ఒకటి మనిషిలో కుదరదు. అందుకే పురుడు తెప్పించకుండా, ఊపిరితిత్తులను సిద్ధం చేసే పనిని మాత్రం మందుతో చేయించుకోగలుగుతున్నాం. తల్లి సొంత కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని మాయ నిర్వీర్యం చేసి బిడ్డను కాపాడుతుంది. బీటామెథాసోన్, డెక్సామెథాసోన్ మాత్రం ఆ కాపలా దాటి బిడ్డను చేరతాయి. మందు పనిచేసేది అందుకే. దాన్ని జాగ్రత్తగా వాడాల్సిందీ అందుకే.

మన దగ్గర అసలు చిక్కు

2020లో భారత్‌లో దాదాపు 30.2 లక్షల మంది బిడ్డలు నెలలు నిండకుండా పుట్టారని అంతర్జాతీయ అంచనా. ప్రపంచంలో అలాంటి జననాల్లో ఇది ఐదో వంతు కంటే ఎక్కువ. ఇంత చవకైన మందు ఎక్కువగా అవసరమైనది మనకే.

కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు మొదలైతే 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ 12 గంటలకోసారి నాలుగుసార్లు ఇవ్వాలి. పెద్ద ఆసుపత్రికి పంపే ముందు ఏఎన్‌ఎం కూడా తొలి డోసు ఇవ్వవచ్చు. ఉద్దేశం మంచిదే.

మరుసటి ఏడాది ఒక పెద్ద పరీక్ష ఫలితం అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. భారత్, పాకిస్థాన్‌తో సహా ఆరు దేశాల్లో గ్రామ స్థాయి నుంచి ఆసుపత్రి దాకా ఈ మందు వాడకాన్ని పెంచి చూశారు. మన దేశంలో బెళగావి, నాగ్‌పూర్ ప్రాంతాలు అందులో ఉన్నాయి. బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల్లో మరణాలు తగ్గలేదు. మొత్తం మీద చూస్తే పసికందుల మరణాలు మందు వాడకం పెంచిన చోట్లే ఎక్కువ, ప్రతి వెయ్యి జననాలకు 3.5 అదనం. తల్లుల్లో ఇన్‌ఫెక్షన్ అనుమానించిన కేసులూ పెరిగాయి.

అలాగని మందు చెడ్డదా? 2020లో మరో పరీక్ష వచ్చింది. భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్, కెన్యా, నైజీరియాల్లోని 29 ఆసుపత్రుల్లో 2,852 మంది తల్లులు ఇందులో పాల్గొన్నారు. అందరూ 26 నుంచి 33 వారాల మధ్య ఉన్నవారు. వారాల లెక్కను స్కానింగ్‌తో సరిచూసుకున్నారు. పసిబిడ్డల మరణాలు మందు అందినవారిలో 19.6 శాతం, అందనివారిలో 23.5 శాతం. మేలు స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందే ఆపేశారు. తల్లుల్లో ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు.

ఒకే రకం మందు, రెండు ఫలితాలు. తేడా ఎవరికి ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు అన్నదానిలో ఉంది. మొదటి పరీక్షలో చాలామందికి వారాల లెక్క కచ్చితంగా తెలియదు. ఇంజెక్షన్ తీసుకున్నవారిలో ఎక్కువ మందికి పుట్టింది తక్కువ బరువు బిడ్డలు కాదు. వాళ్లకు మందు అవసరమే లేదు. ముందే పుట్టిన బిడ్డకు వెచ్చదనం, ఆక్సిజన్, పాలు పట్టే ఏర్పాటు అన్నిచోట్లా లేవు. రెండో పరీక్షలో ఇవన్నీ చూసుకున్నారు. వారాలు కచ్చితంగా తెలిసి, త్వరలో పురుడు ఖాయమనిపించి, తల్లికి ఇన్‌ఫెక్షన్ లేక, బిడ్డను చూసుకునే వసతి ఉన్నప్పుడే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే.

గొర్రెలు ఈ హెచ్చరిక ముందే చేశాయి. 90వ రోజు నుంచి 120వ రోజు దాకా పిల్ల అడ్రినల్ ఎందుకు నిద్రపోతుందో గుర్తు చేసుకోండి. ఎదగాల్సిన సమయంలో కార్టిసాల్‌ను దూరంగా ఉంచడానికి ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. చూడి గొర్రెలకు పదేపదే బీటామెథాసోన్ ఇస్తే పిల్లల బరువు తగ్గిందని 1990లలో ప్రయోగాలు చూపించాయి. అయినా మనుషుల్లో వారం వారం డోసులు ఇచ్చే అలవాటు కొంతకాలం సాగింది.

గొర్రెలు ఇంకో విషయం కూడా చెప్పాయి. కట్టించడానికి రెండు నెలల ముందు నుంచి, చూడి నిలిచాక నెల వరకు తల్లికి మేత తగ్గించి చూశారు ఆక్లాండ్ పరిశోధకులు. ఆ తర్వాత మామూలు మేత పెట్టినా పిల్లల్లో కార్టిసాల్ ముందే పెరిగి, కొన్ని గొర్రెలు గడువుకు ముందే ఈనాయి. 2003లో వచ్చిన ఫలితమిది. దీన్ని నేరుగా మనుషులకు అంటగట్టలేం. కానీ పెళ్లినాటికే రక్తహీనతతో, తక్కువ బరువుతో ఉండే ఆడపిల్లలు ఇంతమంది ఉన్న ఉపఖండం ఆలోచించాల్సిన ప్రశ్నే ఇది. నెలలు నిండని పురుడు గురించి పట్టించుకోవడం తొమ్మిదో నెలలో కాదు, కడుపు పండక ముందే మొదలు కావాలేమో.

ప్రస్తుతానికి మన చేతిలో ఉన్న పని ఇంతకంటే చిన్నది. తొలి మూడు నెలల్లో ఒక స్కానింగ్. చివరి నెలసరి తేదీని కార్డులో సరిగా రాయడం. ముందే నొప్పులు వస్తే బిడ్డను చూసుకునే యూనిట్ ఉన్న ఆసుపత్రికి ఆలస్యం లేకుండా చేర్చడం. ఈ మూడూ ఉంటే ఆ చవక ఇంజెక్షన్ ప్రాణం పోస్తుంది. లేకపోతే అదే ఇంజెక్షన్ గుడ్డిగా విసిరిన రాయి. మందు గొర్రెపిల్ల ఇచ్చింది. వారాల లెక్క మనమే చూసుకోవాలి.